తలకిందుల గుంజ

నేను ఒక రాతి గుంజని. బెజవాడ నడిబొడ్డున కాలవ పక్కన వేసిన పార్కులో, సిమెంటు బెంచీకీ చెత్తడబ్బాకీ మధ్య నిలబడి ఉంటాను. నడుము దాకా పసుపు రంగు, పైన ఎర్ర రంగు కొట్టారు. పొద్దున్నే నడకకి వచ్చే పెద్దమనుషులు నా మీద కాలు పెట్టి బూటు లేసు కట్టుకుంటారు. ఒకాయనైతే రోజూ వచ్చి నాకు వీపు రుద్దుకుని పోతాడు, ఆయనకేం దురదో మరి. మొన్నొకావిడ తన మనవరాలికి నన్ను చూపించి, "స్వామి, దణ్ణం పెట్టుకో" అంది. ఆ పిల్ల పెట్టింది కూడా. కాదని చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేవాణ్ని కాదు లెండి, వచ్చిన దణ్ణాన్ని ఎవరు మాత్రం వద్దంటారు.

దేవుణ్ని కాదు, పడవలు కట్టుకునే గుంజని. ఈ పార్కు ఉన్నచోట ఒకప్పుడు రేవు ఉండేది. ఆ రేవులో జరిగిన ఒక సంగతి నాకొక్కడికే తెలుసు. తెలిసిన ఇంకొకాయన పోయాడు. తెలియాల్సిన మనిషికి తెలియకుండానే పోయింది. మోయడం రాళ్ల పని కాబట్టి మోస్తున్నాను గానీ, ఎండాకాలంలో కాలవ కట్టేసే రోజులొచ్చాయంటే నాకు నెమ్మది ఉండదు. ఇప్పుడు ఆ రోజులే నడుస్తున్నాయి. అందుకే చెబుతున్నాను, కాసేపు కూచోండి.

నన్ను చెక్కినవాడు తిమ్మన్న అనే వడ్డెర మనిషి. ఊరవతల కొండలో పన్నెండు రాళ్లు విడదీసి, పన్నెండూ ఒకే తీరుగా చెక్కాడు. పైన గుండ్రటి తల, తల కింద పడవ మోకు, అదే లావుపాటి తాడు, కూచోవడానికి లోతుగా ఒక మెడ, అడుగున మట్టిలో పాతడానికి మొరటు మొదలు. రేవు కట్టిస్తున్న మేస్త్రీ పదకొండింటిని బాగానే పాతించాడు. పన్నెండోది నేను. ఆ వేళకి పొద్దు వాలుతోంది, కూలీలకి ఇంటి మీద ధ్యాస, మేస్త్రీకి చుట్ట మీద ధ్యాస. మొత్తానికి నన్ను తలకిందులుగా దింపి, చుట్టూ సున్నం పోసేశారు.

నెల తరవాత తిమ్మన్న రేవు చూడ్డానికి వచ్చి, నా దగ్గర ఆగి, నెత్తి కొట్టుకున్నాడు. "ఇదేం పనయ్యా, తల తీసుకెళ్లి మట్టిలో పెట్టారు" అన్నాడు. మేస్త్రీ చుట్ట నోట్లోంచి తియ్యకుండానే, "నిలబడింది గదా" అన్నాడు. నిజమే, నిలబడ్డాను. తిమ్మన్న ఇంకోసారి నెత్తి కొట్టుకున్నాడు. నా మొదలు మీద నిమిరి, తన దారిన తను పోయాడు.

మనుషుల పని ఇలాగే ఉంటుంది. ఒకడు చుట్ట కాల్చుకునే తొందరలో చేసిన పని ఇంకెప్పుడో ఇంకెవరి కొంపో ముంచుతుంది. ముంచినప్పుడు ఆ మొదటివాడు ఎక్కడా కనిపించడు.

తక్కిన పదకొండు గుంజలకీ మెడ ఉంది కాబట్టి పడవవాళ్లందరూ ఒకే రకంగా రెండు చుట్లు చుట్టి ఊరుకునేవాళ్లు. ఎవరు కట్టినా ఎవరైనా విప్పొచ్చు. నాకు పైన మెడ లేదు. మొరటు మొదలు పైకి పోనుపోను సన్నబడి ఉండేది. మామూలుగా చుడితే మోకు పైకి జారి ఊడిపోయేది. పోనీ నన్ను వదిలేస్తారా అంటే, బజారు మెట్లకి దగ్గరున్న గుంజని నేనే. సరుకు దింపుకోవాలంటే అందరికీ నేనే కావాలి. దాంతో నాకోసం ఒక్కో సరంగు ఒక్కో ముడి కనిపెట్టుకున్నాడు. పడవ నడిపించే పెద్దని సరంగు అంటారు. ఎవరి ముడి వాళ్లకి గొప్ప. పక్కవాడు చూస్తాడని ఒంటితో చాటు చేసుకుని వేసేవాళ్లు, నేనేదో వాళ్ల సొంత పెట్టె అయినట్టు, దానికి తాళం వేస్తున్నట్టు.

కొన్నాళ్లకి ఆ గొప్పే ఆచారమైంది. సరంగు వేసిన ముడిని సరంగే విప్పాలి. ఇంకొకరి చెయ్యి దాని మీద పడిందా, ఆ పడవ మళ్లీ రేవు చేరదు. ఆడవాళ్ల చెయ్యి సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఎవరు పెట్టారీ మాట అంటే ఎవరూ చెప్పలేరు. నన్ను తిన్నగా పాతి ఉంటే ఆ మాట పుట్టేదే కాదు.

ఆ సరంగుల్లో కొల్లాటి నాంచారయ్య ముడి అందరి ముళ్లకీ పెద్దన్న. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. కింది ఊళ్ల బట్టీల నుంచి గూన పెంకులు తెచ్చి ఇక్కడ దింపేవాడు. నా చుట్టూ మూడు చుట్లు తిప్పి, వాటి మీద పిడికిలంత ముడి వేసేవాడు. చూసినవాడికి ఇది విప్పాలంటే ఒక పూట పడుతుంది అనిపించేది. అసలు కిటుకు వేరే. చుట్ల అడుగున, కాలవ వైపు, బొటనవేలంత కొస ఒకటి దాచేవాడు. దాన్ని పట్టుకుని ఒక్కసారి లాగితే చాలు, పడవ ఎంత బరువుతో గుంజుకుంటున్నా సరే, కట్టంతా విడిపోయి మోకు కాళ్ల దగ్గర పడేది. పసివాడు లాగినా విడిపోయేది. ఈ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు. మూడోవాడికి తెలీదు.

తన తమ్ముడు శివనాగులుకి కూడా చెప్పలేదు. ఆ పడవలోనే పనిచేసేవాడు నాగులు. ఎప్పుడూ ఏదో ఒక కూనిరాగం, ఎక్కడ పడితే అక్కడ నిద్ర. "ఆ కిటుకేందో నాకూ చెప్పన్నా" అని అడిగితే, "పెళ్లై బుద్ధొచ్చాక చెబుతాలే" అనేవాడు నాంచారయ్య. పెళ్లైంది. బుద్ధి కోసం చూస్తున్నాడు.

పెళ్లికూతురు పేరు కనకరత్నం. సన్నగా, పొడుగ్గా ఉండేది. కట్ట అవతల పాకలో కాపురం పెట్టారు. పడవ రేవులో ఉన్న రోజుల్లో మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వచ్చేది. బావగారు ఉంటే మెట్ల మీదే ఆగిపోయి మొహం పక్కకి తిప్పుకునేది. వాళ్ల ఇళ్లలో తమ్ముడి భార్య బావగారి ఎదట పడి మాట్లాడకూడదు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో ఒక మనిషి ఉండాలి. మనిషి లేకపోతే గోడకో గుంజకో చెప్పాలి. "రాయీ, కూరలో ఉప్పు తక్కువైంది, బావగారిని కలుపుకోమను" అని నాతో చెప్పేది. నాంచారయ్య కాలవ వైపు చూస్తూ, "సరేనని చెప్పు" అని నాతోనే అనేవాడు. ఆ ఇంటి మాటల్లో సగం నా మీదుగా నడిచేవి. నాకు సరదాగానే ఉండేది, దాచడం దేనికి.

ఏటా ఎండాకాలంలో పైన కాలవ మొదట్లో తలుపులు దించి, నీళ్లు రాకుండా కాలవ కట్టేస్తారు. పూడిక తీసుకోవాలి, గట్లు బాగుచేసుకోవాలి. ఫలానా రోజు కట్టేస్తున్నామని ముందుగా దండోరా వేస్తారు. ఆ యేడు శుక్రవారం అన్నారు. నాంచారయ్య పెంకులతో మంగళవారం సాయంత్రం వచ్చి కట్టాడు. శుక్రవారం లోపల దింపేసి వెళ్లిపోవాలని తొందర.

బుధవారం మధ్యాహ్నానికి సగం దిగాయి. వెనక సగంలో పెంకులు అలాగే ఉన్నాయి. దింపేటప్పుడు పడవ కదలకూడదు కాబట్టి ముక్కు దగ్గరి మోకు నాకు బిగించి కడతారు, వెనక తాడు మాత్రం వదులుగా వదులుతారు. కూలీలు అన్నానికి లేవగానే ఆ మోకు సడలించాలి, నీళ్లు తగ్గినా పెరిగినా పడవ తనంతట తను సర్దుకునేలా. ఇది రేవులో ప్రతి ఒక్కడికీ తెలిసిన సంగతి. నాంచారయ్య చెయ్యి నా దాకా వచ్చింది కూడా. గంటలో మళ్లీ బిగించాలి గదా అనుకున్నాడు కాబోలు, వెనక్కి తీసుకున్నాడు. ఇంకో నలుగురు కూలీలని అడగడానికి బజారులో పెంకుల షావుకారు కొట్టుకి వెళ్లాడు. నాగులు తెల్లారి నుంచీ పెంకులు మోసి మోసి, పడవ వెనక భాగంలో తాటాకు గూడు కింద వాలి నిద్రపోయాడు.

కింద ఎక్కడో గట్టుకి గండి పడింది. ఎక్కడో, ఎందుకో మాకు మర్నాటి దాకా తెలీలేదు. కాలవ కట్టేసినప్పుడు కూడా నీళ్లు రోజుకి జానెడే తగ్గేవి. ఆ మధ్యాహ్నం మెట్టు తరవాత మెట్టు బయటపడుతూ పోయింది. పాచి పట్టిన మెట్లు, ఏటికొక్కసారి మాత్రం బయటపడే మెట్లు. ఎండ మండిపోతోంది, రేవులో మనిషి లేడు. తక్కిన గుంజలకి కట్టిన పడవలు నీళ్లతో పాటు మెల్లగా దిగుతున్నాయి. నాకు కట్టిన పడవ మాత్రం దిగలేదు. ముక్కు నాకు వేలాడుతూ పైకే ఉండిపోయింది, వెనక భాగం కిందికి పోతోంది. మోకు బిగిసి సన్నగా మోగుతోంది. పట్టుకోవడమే నా పని, పట్టుకున్నాను. జీవితంలో మొదటిసారి ఊడిపోతే బావుండుననుకున్నాను. ఊడితే గదా.

అప్పుడొచ్చింది కనకరత్నం. క్యారేజీలో రొయ్యపొట్టు వేసిన గోంగూర, ఆ వాసన నాకిప్పటికీ గుర్తు. పడవ ముక్కు గాల్లో ఉండటం చూసి క్యారేజీ మెట్టు మీద వదిలేసింది. "లేవయ్యా, ఇదిగో, పడవ ఒరుగుతోంది, లేవయ్యా" అని అరిచింది.

"ఆఁ, వస్తన్నా" అన్నాడు లోపలి నుంచి. నిద్రలో అనే 'వస్తన్నా' అది. మనిషి కదల్లేదు.

పరిగెత్తుకొచ్చి నా మీద పడింది. రెండు చేతులూ ముడి మీద వేసింది. గాజులు నాకు కొట్టుకున్నాయి, రెండు పగిలాయి. కుడిచెయ్యి పైన పిడికిలంత ముడి మీద ఉంది. ఎడమచెయ్యి చుట్ల కిందికి, కాలవ వైపుకి జారింది. ఆ చేతి చిటికెనవేలు సరిగ్గా ఆ కొస మీద పడింది. దాచిన కొస మీద. ఏం తగిలిందో ఆమెకి తెలీదు, ఏదో తాడు ముక్క అనుకుని ఉంటుంది. నేను రాయినై ఉండి కూడా, లాగు తల్లీ, లాగు అనుకున్నాను.

లాగలేదు. ఏదో కాల్చినట్టు చేతులు తీసేసింది. సరంగు ముడి. పెళ్లై అయిదు నెలలు. అత్త చెప్పిన మొదటి జాగ్రత్త అదే. నా చెయ్యి పడితే పడవ దక్కదేమో, ఆయనకే ఏమైనా అవుతుందేమో అనుకుంది. మొగుణ్ని కాపాడుకోవడానికే చెయ్యి తీసేసింది, అది మరిచిపోకండి. బావగారి కోసం బజారుకి పరిగెత్తింది.

కొట్టు దగ్గర ఏం జరిగిందో తరవాత్తరవాత ఆమే నాకు చెప్పింది, ఒక్కసారి కాదు, కొన్ని వందలసార్లు. నాంచారయ్య లోపల బల్ల మీద కూచున్నాడు, పదడుగుల దూరం. ఆమె గుమ్మం పక్కన ఆగి, మొహం తిప్పుకుని, గుమస్తాతో, "మా బావగారిని ఒకసారి రేవుకి రమ్మని చెప్పండి" అంది. గుమస్తా, "ఏం పనమ్మా" అన్నాడు. "పడవ ముక్కు లేచిందని చెప్పండి" అంది. ఆడమనిషి గొంతు వినబడగానే నాంచారయ్య, మర్యాదగల మనిషి కాబట్టి, అటు తిరిగి షావుకారుతో మాటల్లో పడ్డాడు. గుమస్తా చేతిలో పని ముగించుకుని, లేచి, ఆయన దగ్గరికి వెళ్లి, చెప్పాడు. పదడుగులు. ఆమె నోట్లోంచి బయల్దేరిన మాట ఆయన చెవిలో పడేసరికి ఇక్కడ రెండు మెట్లు బయటపడ్డాయి.

వాళ్లు బజారు మలుపు తిరుగుతుండగానే పెంకులు కదిలాయి. ముందు ఒకటి, తరవాత నాలుగు, ఆ తరవాత అన్నీ ఒక్కసారిగా వెనక్కి జారిపోయాయి. "వస్తన్నా" అన్న గొంతు మళ్లీ వినబడలేదు. వెనక భాగం నీళ్లలోకి పోయింది. ఎవరో గొడ్డలి తెచ్చి పడవ దగ్గర మోకు నరికారు. నాగుల్ని బయటికి తీసేసరికి పొద్దు వాలింది. నాంచారయ్య అరిచేతులు పెంకులకి చీరుకుపోయి ఉన్నాయి. ఆమె మెట్ల మీద క్యారేజీ పక్కన కూచుని ఉంది. తను ముందే వచ్చి ముడి మీద చేతులు వేసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

నరికిన మోకులో రెండు బారల ముక్క, ముడితో సహా, నా ఒంటినే ఉండిపోయింది. సరంగు ముడి కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. నాంచారయ్య తమ్ముడి దినాలు ముగిసిన మర్నాడే ఊరు వదిలి బందరు వైపు ఉప్పు కొఠార్లలో పనికి పోయాడు. వెళ్లేముందు నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆ పైన నాకు ఎవరూ పడవ కట్టలేదు. బజారు మెట్లకి దగ్గరున్నా సరే, "దానికొద్దు, అవతల దానికి కట్టు" అనేవాళ్లు. నన్ను దాటి పోయేటప్పుడు మాటలు ఆపేసేవాళ్లు.

కనకరత్నం పుట్టింటికి పోలేదు. నా పక్కనే గోనెసంచి పరుచుకుని ఆకుకూరలు అమ్మేది. తోటకూర కట్టలు, గోంగూర మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. ఏటా ఎండల ముందు ఆ ముడికి తారు పూసేది, తాడు చివికిపోకుండా. పుల్లతో పూసేది, వేలు తగలనిచ్చేది కాదు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ నాకు వీపు ఆనించి, మెల్లగా అడిగేది. "రాయీ, నీకు తెలుసు గదా. నా చేతికి ఊడేదా? లాగితే ఊడేదా?"

ఈ ఒక్క మాట కోసమే ఆమె అక్కడ కూచుంది, పద్నాలుగేళ్లు. ఊడేది కాదని తెలిస్తే లేచి వెళ్లిపోతుంది. ఊడేదని తెలిస్తే ఏం చేస్తుందో నాకు తెలీదు. ఆ పక్కనే కాలవ ఉంది మరి.

ఇంకొకటి చెప్పాలి, నమ్మితే నమ్మండి. దెయ్యాలని నేను నమ్మను. రేవులో ఇన్నేళ్లున్నాను, చచ్చినవాళ్ల కన్నా బతికినవాళ్లే ఎక్కువ భయపెట్టారు. కానీ ఏటా కాలవ కట్టేసే రోజుల్లో, నడిమధ్యాహ్నం, ఆ మోకు ముక్క బిగిసేది. నరికిన రెండో కొస రాళ్ల మీద ఊరికే పడి ఉండేది, దానికి ఏమీ కట్టి లేదు. అయినా ముడి నా ఒంటిని బిగించేది, సన్నగా మోగేది, అవతల బరువైనదేదో కిందికి దిగుతున్నట్టు. కనకరత్నం వీపుకి ఆ మోత తగిలేది. తోటకూర మీద నీళ్లు చల్లుతున్న చెయ్యి ఆగిపోయేది. "వస్తున్నానంటావు, రావు" అనేది కాలవతో. కాసేపటికి తాడు సడలిపోయేది. ఆమె మళ్లీ నీళ్లు చల్లుకునేది. మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

లారీలొచ్చాయి, పడవలు తగ్గాయి. చివరికి మునిసిపాలిటీవాళ్లు వచ్చి, రేవు పూడ్చి రోడ్డు వెడల్పు చేస్తామని, సోమవారం గుంజలన్నీ పెకలిస్తామని చెప్పి వెళ్లారు. ఆ మాట విన్న రోజు కనకరత్నం కూరలు అమ్మలేదు. ఉప్పు బస్తాలతో వచ్చిన ఆఖరి పడవవాళ్ల చేత బందరు కబురు పెట్టింది. ముడి విప్పడానికి బావగారిని రమ్మంది.

ఆదివారం పొద్దున వచ్చాడు నాంచారయ్య. అరవై కూడా నిండలేదు గానీ ఉప్పులో పనిచేసి ఎండిపోయాడు. మెట్ల మీద ఆగి కాలవ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె మొహం తిప్పుకుని నాకు చెప్పడం మొదలుపెట్టింది.

"రాయీ, బావగారు వచ్చారు, సంతోషమని చెప్పు."

"అమ్మాయి ఎలా ఉందో అడుగు" అన్నాడు ఆయన.

"బాగానే ఉన్నానని చెప్పు." కొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. ఆ తరవాత ఉన్నట్టుండి ఆయన వైపు తిరిగింది. పద్నాలుగేళ్ల కిందట పదడుగుల దూరంలో చెయ్యలేని పని, ఇప్పుడు చేసింది. నేరుగా ఆయన మొహంలోకి చూసి మాట్లాడింది.

"బావగారూ, ఆ రోజు నేను మీకన్నా ముందొచ్చాను. ఈ ముడి మీద చేతులేశాను. రెండు చేతులూ వేశాను. ఆయన లోపల్నుంచి వస్తన్నా అన్నాడు. నేను విప్పకుండా చేతులు తీసేశాను. ఎవరికీ చెప్పలేదు."

నాంచారయ్య నా దగ్గరికి వచ్చాడు. నా తల మీద చెయ్యి వేశాడు, తల కాదు, మొదలు.

"మీరు విప్పి చూపించండి. నా చేతికి ఊడేదో కాదో నా కళ్లతో నేను చూడాలి. ఇంక ఈ ఒక్కరోజే ఉంది" అంది. ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయింది.

ఆయన నా ముందు గొంతుకు కూచున్నాడు. ముడిని ఒంటితో చాటు చేసుకున్నాడు, వెనకటి అలవాటే. కుడిచెయ్యి పైన వేశాడు. ఎడమచెయ్యి చుట్ల కిందికి, కాలవ వైపుకి పోయింది. వేళ్లు వెతుక్కోలేదు, వాటికి దారి తెలుసు. కొస దొరికింది. ఏటా పూసిన తారుతో మెత్తగా, లేతగా ఉంది. లాగితే అప్పటికీ ఊడుతుంది. అది ఆయన వేళ్లకి తెలిసింది, నాకు తెలిసింది. వేళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆయన ఊపిరి నా ఒంటి మీద వేడిగా తగిలింది. ఒకటి, రెండు, మూడు. ఆ తరవాత లెక్కపెట్టలేదు.

కొస వదిలేశాడు. చెయ్యి పైకి తీసుకుని, ఏమీ లేనిచోట గోళ్లతో పీకడం మొదలుపెట్టాడు. ఇటు లాగాడు, అటు లాగాడు. కాలు నాకు తన్నిపెట్టి గుంజాడు. చెమటలు కారిపోయాయి. గోరు లేచి నెత్తురొచ్చింది. అంత బాగా అబద్ధమాడిన చేతుల్ని నేను మళ్లీ చూడలేదు.

"ఊడదమ్మా" అన్నాడు చివరికి, రొప్పుతూ. "ఆ రోజు పడవ బరువంతా దీని మీద ఉంది. నేనే వచ్చినా ఊడేది కాదు. గొడ్డలి కావాల్సిందే. నీ చేతులు ఉంచినా ఒకటే, తీసినా ఒకటే. సడలించాల్సినవాణ్ని నేను, సడలించకుండా పోయాను. తప్పు నాది. నీది ఇందులో పూచికపుల్లంత లేదు."

మొలలోంచి చాకు తీసి ముడికి పెట్టాడు. కొస ఉన్న భాగాన్ని మొదట కోసి, పిడికిట్లో మూసేసి, కాలవలోకి విసిరేశాడు. ఆమెకి చూసే వీలివ్వలేదు. తరవాత మిగతాది ముక్కలు చేశాడు. ఆయన బతుకు మొత్తంలో సరంగు అయ్యుండి తన ముడి తను కోసుకున్నది అదొక్కసారే.

కనకరత్నం ఆయన నెత్తురు కారే వేలి వైపు చాలాసేపు చూసింది. ఆమె నమ్మిందో, నమ్మాలని నిర్ణయించుకుందో నాకు తెలీదు. రాయికి అంత లోతు అందదు. చివరికి తన కొంగు చించి ఆయన వేలికి కట్టింది. "అన్నం తెచ్చాను, తినండి బావగారూ" అని క్యారేజీ విప్పింది. గోంగూర, రొయ్యపొట్టు. ఇద్దరూ మెట్ల మీద ఎదురెదురుగా కూచుని తిన్నారు. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాలవ వైపు తిరిగిపోయాడు. "ఉప్పు తక్కువైందా" అంది ఆమె, ఆయనతోనే. "లేదమ్మా, సరిపోయింది" అన్నాడు.

ఆమె గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుంది. వెళ్తూ నా మీద అరిచెయ్యి వేసింది, భయం లేకుండా. అదే ఆఖరు, మళ్లీ రాలేదు. ఆయన బందరు తిరిగి వెళ్లిన యేడాదికే పోయాడని, నన్ను పెకలించి పడేసిన చోట ఎవరో అనుకోగా విన్నాను.

నన్ను పెకలించి ఎక్కడో దొడ్లో, విరిగిన గేట్ల మధ్య పడేశారు. చాలా ఏళ్లు పడుకునే ఉన్నాను. రోడ్డుకి పోగా మిగిలిన రేవు జాగాలో ఈ పార్కు వేసినప్పుడు పాతకాలం వస్తువేదైనా ఉంటే బావుంటుందని ఎవరికో తోచి, నన్ను తెచ్చి పాతారు. ఈసారి పాతినవాడు చదువుకున్నవాడు. నన్ను చుట్టూ తిరిగి చూసి, తల ఏదో మొదలు ఏదో తెలుసుకుని, తిన్నగా నిలబెట్టాడు. తిమ్మన్న చెక్కిన తల, మెడ ఇన్నాళ్లకి ఎండ చూశాయి. ఇప్పుడు నాకు ఎవరు కట్టినా ఎవరైనా విప్పొచ్చు. కట్టడానికి పడవలే లేవు.

మోకు ఒరుసుకున్న గాడి, నాంచారయ్య కొస దాచిన చోటు, కనకరత్నం చేతులు పడిన చోటు, అన్నీ ఇప్పుడు మట్టి కింద ఉన్నాయి. పైన చూసేవాళ్లకి పసుపు రంగూ ఎర్ర రంగూ మాత్రమే కనిపిస్తాయి.

నిన్న కాలవ కట్టేశారు. మధ్యాహ్నం పార్కులో ఎవరూ లేరు. మట్టి కింద, ఆ గాడిలో, లేని మోకు మళ్లీ బిగిసింది. ఆమె చిటికెనవేలంత బరువు కొస మీద వాలినట్టే ఉంది. లోపల్నుంచి ఎవరో నిద్రగొంతుతో వస్తన్నా అంటున్నారు. ఒక్కసారి లాగితే చాలు, ఊడిపోతుంది. నాకేమో చేతులు లేవు.